పట్టణములో మొదటి నాలుగు దినములు

ప్రతి సంవత్సరము జూన్ నెల వచ్చేసరికి మన పల్లెల నుండి పిల్లలు పట్టణములకు బయలుదేరుతారు. చదువు కొరకు కొందరు, కోచింగు కొరకు కొందరు, పని కొరకు కొందరు. ఒక పెట్టె, ఒక సంచి, ఒక పచ్చడి సీసా. బస్సు ఎక్కే ముందు సంఘ కాపరి తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తాడు. అది మంచి అలవాటు. అయితే బస్సు దిగిన తరువాత ఆ బిడ్డ మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? మొదటి ఆదివారము ఎక్కడ ఆరాధిస్తుంది? మొదటిసారి దుఃఖము వచ్చినప్పుడు ఎవరితో చెప్పుకుంటుంది? ఈ మొదటి దినములను గూర్చి ప్రియ పాఠకులతో కొన్ని మాటలు పంచుకోవాలని మా ఆశ.

2024 వేసవిలో మా సంఘములోని ఒక రైతు కుటుంబము మా యొద్దకు వచ్చింది. వారి పెద్ద కుమార్తె నల్లగొండలో డిగ్రీ ముగించింది. గ్రూపు పరీక్షల కోచింగు కొరకు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాలని ఆమె పట్టుదల. తండ్రికి ఇష్టము లేదు. సంబంధము చూచి పెండ్లి చేద్దామని అతని తలంపు. తల్లి ఇద్దరి మధ్య నలిగిపోతున్నది. "అయ్యగారూ, అమ్మగారూ, మీరు పొమ్మంటే పంపుతం, వద్దంటే ఆపుతం. మీ మాటే మాకు మాట" అని ఆ తల్లి అన్నది.

ఒక ఆడబిడ్డ భవిష్యత్తు మా మాట మీద ఆగినప్పుడు, ఊరకే ప్రార్థన చేసి జవాబు చెప్పుట మా మనస్సాక్షికి సమ్మతము కాలేదు. సభలకు, సమావేశములకు హైదరాబాదు వెళ్ళి వచ్చుట వేరు. దిక్కు తెలియని మనిషిగా అక్కడ దిగుట వేరు. అందుచేత మేమిద్దరము, భార్యాభర్తలము, ఒక తీర్మానము చేసుకొన్నాము. బంధువులకు గాని, తెలిసిన పాస్టర్లకు గాని కబురు చేయకుండ, భుజమున చెరొక సంచి వేసుకొని వెళ్ళి నాలుగు దినములు ఉండాలి. ఆ అమ్మాయి దిగినట్లే మేమూ దిగాలి.

ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు సంచి గాని జాలె గాని లేకుండ వెళ్ళమన్నాడు (లూకా 10). మా విషయములో మోకాళ్ళ నొప్పుల మాత్రలు పెట్టుకొనుటకైనా సంచి కావలసి వచ్చింది. రెండు జతల బట్టలు, తువాళ్ళు, బైబిలు, నీళ్ళ సీసా, ఒక డబ్బాలో సకినాలు. ఇంతే మా సామాను.

జూన్ రెండవ శుక్రవారమున ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితము గనుక మాలో ఒకరికి జీరో టికెట్టు, ఒకరికి డబ్బుల టికెట్టు. నార్కట్‌పల్లి దాటి 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల, చౌటుప్పల్ మీదుగా బస్సు సాగింది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బాటసింగారము కనబడింది. మన జిల్లా బత్తాయి రైతులకు ఒకప్పుడు కొత్తపేటలోని గడ్డిఅన్నారము మార్కెట్టు బాగా తెలుసు. ఆ పండ్ల మార్కెట్టు ఇప్పుడు ఈ బాటసింగారమునకు తరలివచ్చింది. హయత్‌నగర్, వనస్థలిపురము దాటి ఎల్.బి.నగర్‌లో దిగాము.

దిగిన చోట ఒక నిమిషము నిలబడిపోయాము. విజయవాడ వైపు దారి, ఉప్పల్ నుండి వచ్చే రింగు రోడ్డు, సాగర్ వైపు దారి అక్కడి చుట్టుప్రక్కలనే కలుస్తాయి. తల పైకెత్తితే వంతెన, ఇంకొంచెము పైన మెట్రో రైలు. ఆటోవారు "ఎక్కడికి, ఎక్కడికి" అని చుట్టుముట్టారు. రోడ్డు దాటడానికి పది నిమిషములు పట్టింది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఈ లాల్ బహదూర్ నగర్, 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసే వరకు వేరు మున్సిపాలిటీగా ఉండేది. ఇప్పుడు ఎక్కడ ఊరు ముగిసి ఎక్కడ నగరము మొదలవుతుందో చెప్పలేము.

రోడ్డు ప్రక్కన ఒక చిన్న లాడ్జిలో ఆధార్ కార్డులు చూపించి గది తీసుకొన్నాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవార్లూ లారీల హారన్లు, బస్సుల శబ్దము. మన పల్లెలో రాత్రి కుక్క మొరిగితే ఎవరో వచ్చారని లేస్తాము. ఇక్కడ ఇంత శబ్దములో మన కొరకు వచ్చేవారు ఒక్కరూ లేరు. నలభై దాటిన మాకు, ఇద్దరము తోడుగా ఉండగా, గుండె బరువెక్కింది. ఇరువది రెండేండ్ల పిల్ల ఒంటరిగా ఈ రాత్రిని ఎట్లా దాటుతుంది అనుకొన్నాము. ఇల్లు విడిచి వెళ్ళిన యాకోబు ఒక రాత్రి రాతిని తలగడగా పెట్టుకొని పడుకొన్న సంగతి జ్ఞాపకము వచ్చింది (ఆది. 28). అతడు ఎరుగకపోయినను దేవుడు ఆ స్థలములో ఉన్నాడు. దీపము ఆర్పి ఆ అధ్యాయమును గూర్చి మాట్లాడుకొంటూ ప్రార్థన చేసుకొన్నాము.

శనివారము ఉదయము మెట్రో స్టేషనుకు వెళ్ళాము. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు ఈ మార్గము తెరువబడింది. ఎల్.బి.నగర్ నుండి మియాపూర్ వరకు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. కదిలే మెట్ల దగ్గర మాలో ఒకరి కాలు ముందుకు సాగలేదు. వెనుక నుండి ఒక కాలేజీ పిల్ల వచ్చి, "ఆంటీ, నా చెయ్యి పట్టుకోండి, ఒక్క అడుగు వేస్తే చాలు" అని పైకి తీసుకొని వెళ్ళింది. పేరు అడిగేలోగా జనములో కలిసిపోయింది. ఆ పట్టణములో మాకు దొరికిన మొదటి ఆదరణ అది.

ఎల్.బి.నగర్ తరువాతి స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలములో, 1900ల తొలి సంవత్సరములలో, విక్టోరియా రాణి జ్ఞాపకార్థము సరూర్‌నగర్‌లోని ఒక రాజభవనము అనాథ పిల్లల గృహముగా చేయబడింది. స్టేషనుకు ఆ పేరు దాని నుండియే వచ్చింది. రాజు కొరకు కట్టిన ఇల్లు తల్లిదండ్రులు లేని పిల్లలకు ఇల్లయినది. ఇంత రద్దీ ప్రాంతము ఒకప్పుడు అనాథలను చేర్చుకొన్న చోటని తెలిసి మా మనస్సునకు కొంత నెమ్మది కలిగింది. దాని తరువాత చైతన్యపురి, ఆ తరువాత దిల్‌సుఖ్‌నగర్. మూడు స్టేషన్ల ప్రయాణమే. కొత్తపేట దగ్గర, పాత పండ్ల మార్కెట్టు స్థలములో, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కట్టడము అప్పుడు సాగుచుండెను.

దిల్ అంటే హృదయము, సుఖ్ అంటే సుఖము. పేరు వింటే హృదయమునకు సుఖమిచ్చే ఊరనిపిస్తుంది. దిగి చూస్తే మనుష్యుల తలలు తప్ప నేల కనబడదు. బట్టల దుకాణములు, చెప్పుల దుకాణములు, పుస్తకముల దుకాణములు, టిఫిను బండ్లు, ప్రతి మేడ మీద కోచింగు బోర్డులు, ప్రతి సందులో హాస్టలు బోర్డులు. తాళ్ళ మీద ఆరవేసిన తువాళ్ళు, సీసాలతో నీళ్ళు పట్టుకొనే పిల్లలు. అందరి భుజముల మీద సంచులే. మా సంచులను ఎవరూ వింతగా చూడలేదు.

ఆ దినమున ఏడు ఆడపిల్లల హాస్టళ్ళు చూచాము. ఒక చోట కిటికీ లేని గదిలో ఆరు మంచములు. ఒక చోట రెండు నెలల అడ్వాన్సు అడిగారు గాని రసీదు ఇవ్వమన్నారు. ఒక చోట మెట్లు ఒక్కటే, ఆ మెట్ల క్రిందనే గ్యాసు సిలిండర్లు. ఇంకొక చోట గదులు పాతవైనా నీళ్ళు బాగున్నవి, రాత్రి గేటు వేసే వేళ ఖచ్చితముగా ఉన్నది, వచ్చిపోయేవారి పేర్లు పుస్తకములో వ్రాస్తున్నారు, వార్డెనుగా ఉన్న ఆమె మమ్మును ఎదురు ప్రశ్నలు అడిగింది. "పిల్లకు మీరేమవుతరు? తల్లిదండ్రులు ఎందుకు రాలె?" అని అడిగినందుకు మాకు సంతోషమయ్యింది. అన్ని హాస్టళ్ళు ఒకటి కావు. గోడలకు వేసిన రంగు చూచి కాదు, అడిగి, మెట్లెక్కి, వంటగది చూచి తెలుసుకోవాలి.

సాయంకాలము బస్టాండు దగ్గర టీ త్రాగుచుండగా, ఆ టీ కొట్టు పెద్దాయన ఎదుటి రోడ్డు చూపించి, "అప్పుడు గీడనే అయింది సార్" అన్నాడు. ఏ సంగతియో మాకు వెంటనే తెలిసింది. 2013 ఫిబ్రవరి 21, గురువారము, సాయంత్రము ఏడు గంటల ప్రాంతము. సైకిళ్ళకు పెట్టిన రెండు బాంబులు కొద్ది నిమిషముల తేడాలో ప్రేలి 18 మంది చనిపోయారు, నూరుమందికి పైగా గాయపడ్డారు. బస్సు కొరకు నిలుచున్నవారు, బజారు చేసుకొనుటకు వచ్చినవారు. ఆ కేసులో అయిదుగురికి పడిన మరణశిక్షను 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఖాయము చేసింది.

మా అమ్మాయి తండ్రి మనస్సులో ఉన్న భయము ఇటువంటిదే. పేపరులో చదివిన ప్రతి కీడు తన బిడ్డ కొరకే కాచుకొని ఉన్నట్లు అతనికి తోస్తుంది. ఆ భయము తండ్రి ప్రేమలో నుండి వచ్చినదే, దానిని గేలి చేయరాదు. పెద్దాయనను అడిగాము, "ఇంత జరిగినా మీరు ఈ చోటు విడువలేదా?" అని. "విడిచిపోతే ఏడికి పోతం సార్? మూడు దినాలకే మల్ల పిల్లలొచ్చి టీ అడిగిన్రు. పొయ్యి ముట్టిచ్చిన" అన్నాడు.

ఆ మాట వింటూ మేము యిర్మీయా 29వ అధ్యాయమును తలంచుకొన్నాము. బబులోనుకు కొనిపోబడినవారికి ప్రవక్త ఒక ఉత్తరము వ్రాశాడు. ఆ ఊరిని శపించమనలేదు, పారిపోయి రమ్మనలేదు. అక్కడనే కాపురముండి తోటలు పెంచుకొని, ఆ ఊరి మేలు కొరకు దేవుని వేడుకొనుమన్నాడు. తన వారిని చెరపట్టిన ఊరి కొరకే ప్రార్థింప వలసియుండగా, మన బిడ్డలకు విద్యనిచ్చే ఊరి కొరకు ఎంత ఎక్కువగా ప్రార్థించవలెను!

ఆదివారము ఉదయము మొదట ఒక పెద్ద మందిరమునకు వెళ్ళాము. పాటలు చక్కగా ఉన్నవి, వాక్యము బలముగా ఉన్నది. ఆరాధన ముగిసిన తరువాత గేటు దగ్గర అరగంట నిలుచున్నాము. వందలమంది మా ప్రక్కనుండి వెళ్ళారు. మీరెవరని ఒక్కరు అడుగలేదు. వారికి ప్రేమ లేదని మా భావము కాదు. ప్రతివాడు మరియొకడు పలుకరిస్తాడులే అనుకొంటాడు, అంతే.

మధ్యాహ్నము, దుకాణముల పైఅంతస్తులో కూడుకొనే ఒక చిన్న సహవాసమునకు వెళ్ళాము. ముప్పదిమంది ఉంటారు. ముగింపు ప్రార్థన కాగానే వెనుక చాప మీద కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి వచ్చి, "ఏ ఊరు బిడ్డా మీది? అన్నం తిన్నరా?" అని అడిగింది. ఆ ప్రశ్న వినగానే మూడు దినముల బరువు దిగిపోయింది. ఒక్క గది ఇంటిలో ఆమె పెట్టిన అన్నము, పప్పుచారు, మేము తెచ్చిన సకినాలు కలిసి తిన్నాము. మేము సేవకులమని తెలిసిన తరువాత, "అయ్యో అయ్యగారూ, ముందే చెప్పొద్దా" అని నొచ్చుకొన్నది. చెప్పకపోవడమే మాకు మేలయింది.

ఆమె విధవరాలు. ఏండ్ల తరబడి ఆడపిల్లల హాస్టలులో వంట చేస్తున్నది. మేము ముందటి దినమున మెచ్చుకొన్న హాస్టలే అది. మా అమ్మాయి సంగతి చెప్పగా ఆమె చెప్పిన మాటలు ఏ కోచింగు సెంటరులోనూ మాకు దొరకలేదు. "తొలి వారం గట్టెక్కితే పిల్ల నిలవడ్తది అయ్యగారూ. నేను పొయ్యి కాడ నిలవడి సూస్త ఉంట. కొత్తగ వచ్చిన పిల్ల తిన్నదా పారేసిందా, పళ్ళెం కడిగే కాడనే తెలుస్తది. రెండు దినాలు తినరు. మూడోనాడు ఫోను పట్టుకొని డాబా ఎక్కి ఏడుస్తరు. ఆదివారం బట్టలు ఉతుక్కుంట ఉంటరు. చర్చికి పోదాం రా అని పిలిచేటోళ్ళు లేక పోరు. నాలుగు ఆదివారాలు పోకుంటే ఇగ ఐదోది యాదికే రాదు."

"మరి చెడిపోయేవారు?" అని మెల్లగా అడిగాము. "ఏడ్చినప్పుడు ఎవరు పలుకరిస్తే ఆళ్ళెనక పోతరు. మంచోళ్ళు ముందు పలుకరిస్తే మంచిగుంటరు" అన్నది. ఆమెకు వేదాంత విద్య లేదు. అయినను సంఘము ముందుగా చేయవలసిన పని ఏమిటో ఆ ఒక్క మాటలో చెప్పివేసింది.

సోమవారము తిరుగు ప్రయాణములో బస్సులో అకుల ప్రిస్కిల్లలను గూర్చి మాట్లాడుకొన్నాము (అపొ. 18). క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞచేత రోమా విడిచి, భార్యాభర్తలు ఇద్దరు తమ సామాను కట్టుకొని కొరింథు చేరారు. అక్కడ ఒంటరిగా వచ్చిన పౌలును తమ ఇంట చేర్చుకొన్నారు. పరదేశులుగా ఉన్నవారు గనుకనే పరదేశి కష్టము వారికి తెలిసింది. ఆ పౌలే తరువాత కెంక్రేయ సంఘములో పరిచర్య చేసిన ఫీబే అను సహోదరిని రోమావారికి పరిచయము చేస్తూ, ఆమెను చేర్చుకొని కావలసిన సహాయము చేయండని వ్రాశాడు (రోమా 16). అంత పెద్ద పట్టణములోనికి వెళ్ళే స్త్రీని గూర్చి ఆదిమ సంఘము ముందుగానే మాట పంపింది. మన బిడ్డల విషయములో మనము చేయవలసినదీ ఇదే.

మా తీర్పు ఆ కుటుంబముతో చెప్పాము. "పంపండి. అయితే ఒంటరిగా పంపవద్దు." తండ్రి చాలాసేపు మౌనముగా ఉండి, "మీరు పోయి సూసొచ్చిన్రు గదా, ఇగ నేనేమంట" అన్నాడు. జూలైలో ఆ అమ్మాయి వెళ్ళింది. మా సంఘము ముద్ర వేసిన పరిచయ పత్రము ఆమె చేతికిచ్చాము. తల్లి కూడ వెళ్ళి మొదటి ఆదివారము వరకు ఆ పెద్దమ్మ ఇంట ఉండి వచ్చింది.

అయినను మంగళవారము రాత్రి అమ్మాయి ఫోను చేసి, ఉండలేనని ఏడ్చింది. తండ్రి ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారి మొదటి బస్సులో, తీసుకొని వస్తానని వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆమె తరగతిలో ఉన్నది. రాత్రి పెద్దమ్మ డాబా మీద ఆమె ప్రక్కన కూర్చుండి ప్రార్థన చేసి, తన చేతితో అన్నము తినిపించి పండుకోబెట్టిందట. తండ్రి మధ్యాహ్నము వరకు మెట్ల మీద కూర్చున్నాడు. బిడ్డ నవ్వుతూ దిగివచ్చింది. అరటిపండ్లు కొనిచ్చి, ఆమెను తెమ్మని మాట కూడ ఎత్తకుండ ఒక్కడే తిరిగి వచ్చాడు.

2024 డిసెంబరులో ఆమె గ్రూప్-2 పరీక్ష వ్రాసింది. ఎంపిక కాలేదు. ఉద్యోగము వస్తేనే దేవుడు నడిపించినట్లు అని మేము చెప్పము. ఆమె మరల చదువుచున్నది, ఉదయపు వేళ ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠములు చెప్పుచున్నది. ఆదివారము హాస్టలులో కొత్తగా వచ్చిన పిల్లల గది తలుపులు తట్టి, "చర్చికి పోదాం, వస్తారా?" అని పిలిచేది ఇప్పుడు ఆమెయే.

ప్రియులారా, ఈ అనుభవమును బట్టి సంఘములకు కొన్ని మనవులు. మొదటిది, పట్టణమునకు వెళ్ళే ప్రతి బిడ్డ చేతికి పరిచయ పత్రము ఇవ్వండి. ఏ సహవాసమునకు ఇవ్వాలో ముందుగానే విచారించి, అక్కడి పెద్దలతో మాట్లాడండి. రెండవది, హాస్టలు చూడకుండ డబ్బు కట్టవద్దు. తల్లిదండ్రులకు వీలుకాకపోతే సంఘములో ఇద్దరు వెళ్ళి నీళ్ళు, మెట్లు, గేటు, వంటగది చూచి రావాలి. కట్టిన డబ్బుకు రసీదు తీసుకోవాలి. మూడవది, మొదటి వారము ఒక స్త్రీ తోడుండాలి. తెలంగాణలో తల్లులకు ఇప్పుడు బస్సు ఖర్చు లేదు గనుక నెలకు ఒకసారి వెళ్ళి చూచుట కష్టము కాదు. నాలుగవది, ఆపద కలిగితే 112కు ఫోను చేయుట, 2014 నుండి ఉన్న షీ టీమ్స్‌ను ఆశ్రయించుట మన పిల్లలకు ముందే నేర్పాలి. అయిదవది, ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థన వేళకు ఫోను చేసి, బిడ్డను కూడ ఆ ప్రార్థనలో కలుపుకోవాలి. చదువు ఎంతవరకు వచ్చిందని అడుగకముందు, అన్నము తిన్నావా అని అడగాలి.

పట్టణ సంఘములలో ఉన్న సహోదరీ సహోదరులకు ఒక్కటే మనవి. ఆశీర్వచనము ముగిసిన వెంటనే ఇంటికి త్వరపడకండి. వాకిటిలో భుజమున సంచితో, ఎవరితో మాట్లాడాలో తెలియక నిలుచున్న బిడ్డ ఒకరు ఉంటారు. మరియొకరు పలుకరిస్తారులే అనుకొనక, మీరే పలుకరించండి. మన పల్లెల తల్లిదండ్రులు మీరు చేసిన ఆ మేలును మీకు ఎన్నడూ చెప్పలేకపోవచ్చును గాని, పరదేశులను కాపాడు దేవుడు దానిని మరచువాడు కాడు. ఆయన మన బిడ్డలకు, వారు వెళ్ళే పట్టణములకు తోడైయుండును గాక. ఆమేన్.